దాచినది పోయినది కాదు, తాళము వేసినదియు కాదు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను గాను. సహకార సంఘములో పద్దులు వ్రాయుట నా వృత్తి. కరణపు ఉద్యోగములు ఉమ్మడి రాష్ట్రమున 1984లోనే రద్దయినను, పద్దుల పుస్తకము ఎల్లప్పుడును నా చంకనుండుటచేత ఊరివారు నన్ను నేటికిని కరణముగారనియే పిలుచుచున్నారు. భారత భాగవతములు ఈ గ్రంథాలయపు బీరువాలనుండి తీసికొనిపోయి, తెలియని మాటకు నిఘంటువు చూచుకొనుచు, నాకు నేనై చదివికొన్నవాడను. ఆ గ్రంథములను గూర్చి చెప్పదగినవారు ఈ వేదికమీద పలువురు కలరు. కావున, ఏదేని నలుగురకు పనికివచ్చు విషయము చెప్పుమని కార్యదర్శిగారు కోరగా, మన పఠన మందిరమున కిటికీ ప్రక్కనున్న కంప్యూటరును గూర్చి, అందును దానిలో కంటికి కనబడకుండ ఉంచబడిన ఫోల్డర్లను గూర్చి మాటలాడుటకు ఒప్పుకొంటిని. లెక్కలవానికి కనబడు అంకెకంటె కనబడని అంకెమీదనే చూపు హెచ్చు. అది మా వృత్తి స్వభావము.

కంప్యూటరులో ఫైలు అనగా ఒక కాగితము వంటిది. ఫోల్డరు అనగా ఆ కాగితములను కట్టిన దస్త్రము. మనము వ్రాసుకొన్న ఉత్తరములు, దింపుకొన్న బొమ్మలు, పాటలు కొన్ని దస్త్రములలో ఉండును. వానిని మనము ఎరుగుదుము. వీనితోబాటు, ఆ యంత్రము తన పనికై తాను కట్టుకొన్న దస్త్రములు మరికొన్ని కలవు. వంట యింటిలో వడ్డించు గిన్నెలు మన చేతికి అందునట్లు ఉండును. నీళ్ళ గొట్టములు, విద్యుత్తు తీగలు గోడలో ఉండును. గోడలోని తీగ కనబడలేదని అది లేదనువాడును లేడు. పనికిమాలినదని దానిని కోయువాడును లేడు. కంప్యూటరు విషయమున మాత్రము ఈ రెండు పొరపాట్లును నిత్యము జరుగుచున్నవి.

దాచుట యనునది మనకు క్రొత్తది కాదు. విరాటపర్వమున పాండవులు అజ్ఞాతవాసమునకు పోవుటకు ముందు తమ యాయుధములను ఊరివెలుపల, శ్మశానము చెంతనున్న జమ్మిచెట్టుమీద దాచిన కథ మీరందరు ఎరిగినదే. దసరానాడు జమ్మికి మ్రొక్కుచు ఆ కథను తలచుకొనుచునే యున్నాము. వారు ఆ యాయుధములకు పెట్టె చేయింపలేదు, తాళము వేయలేదు. శవమువలె కనబడునట్లు కట్టి చెట్టుకు తగిలించిరి. దారిని పోవువాడు దానిజోలికి పోకుండుటయే దాని రక్షణము. గాండీవము పోలేదు, చూడనివారికి లేదు, అంతే. ఈ భేదమును మనసున ఉంచుకొనిన, నేను చెప్పబోవునది అంతయు సులభముగా బోధపడును.

ఇక యంత్రము ఎట్లు దాచుచున్నదో చూతము. మన కంప్యూటరులో విండోస్ అను వ్యవస్థ కలదు. దీనికి పూర్వము 1981లో వచ్చిన డాస్ అను వ్యవస్థనుండియు ఒక పద్ధతి నడచుచున్నది. ప్రతి ఫైలు పేరునకును ఎదురుగా, మన రిజిస్టరులోని రిమార్కుల గడివంటి ఒక చిన్న గడి యుండును. ఆ గడిలో ఒకటి యున్నచో అది చదువుటకే గాని మార్చుటకు కాదని యర్థము. రెండు ఉన్నచో కనబడనీయరాదని యర్థము. నాలుగు ఉన్నచో అది వ్యవస్థకు చెందినదని యర్థము. రెండును నాలుగును కలసి ఆరు ఉన్నచో అది వ్యవస్థకు చెందినది, కనబడరానిది అని యర్థము. ఫోల్డరయినచో దీనికి పదునారు చేరును. ఇంతకు మించిన మంత్రము ఏదియు లేదు. ఫైలు ఉన్నచోటనే యున్నది, ఒక్క యక్షరము మారలేదు. జాబితా చదివి వినిపించు గుమాస్తా మాత్రము, రిమార్కులలో రెండు అంకె చూచి, ఆ పేరు చదువక దాటిపోవుచున్నాడు.

వేరొక సంప్రదాయమున రిమార్కుల గడియు లేదు. అమెరికాలో బెల్ ప్రయోగశాలలయందు 1969లో మొదలిడిన యూనిక్స్ అను వ్యవస్థలో, పేరునకు మొదట ఒక చుక్క యున్నచో చాలును, ఆ ఫైలు జాబితాలో కనబడదు. ఈ చుక్క కథ వినదగినది. ప్రతి ఫోల్డరునందును, తన్ను సూచించు ఒంటి చుక్క, తన పై ఫోల్డరును సూచించు జంట చుక్క అని రెండు పేర్లుండెడివి. అవి జాబితాలో ఊరక కనబడుచుండుటచేత, వానిని తప్పించుటకు, చుక్కతో మొదలగు పేర్లను విడిచిపెట్టుమని ప్రోగ్రాములో వ్రాసిరి. రెండు పేర్లను తప్పింపబోగా, చుక్కతో మొదలగు పేర్లన్నియు తప్పిపోయినవి. తరువాతివారు దీనినే దాచుటకు మార్గముగా వాడుకొనిరి. ఆ బృందములో పనిచేసిన రాబ్ పైక్ గారు 2012లో ఈ సంగతిని తామే వ్రాసి, ఇది బుద్ధిపూర్వకముగా ఏర్పడినది కాదని తెలిపిరి. ఒక గుమాస్తా పద్దులో చేసిన చిన్న సౌకర్యము తరువాతి గుమాస్తాలకు ఆచారమగుట మనమును ఎరుగనిది కాదు. లినక్స్ వ్యవస్థలోను, దానిపై నిర్మింపబడిన మన ఆండ్రాయిడ్ ఫోనులలోను ఆ చుక్క నేటికిని నడచుచున్నది.

ఆపిల్ వారి మాక్ కంప్యూటరులో మరియొక విశేషము. అందు ప్రతి వాడుకరికిని ఒక్కొక్క ఫోల్డరు కలదు. దాని పేరు లైబ్రరీ, అనగా గ్రంథాలయము! ప్రోగ్రాముల అమరికలన్నియు అందులో ఉండును. 2011లో వచ్చిన లయన్ అను కూర్పునుండి దానిని వారు దాచిపెట్టిరి. గ్రంథాలయమును జనులకు కనబడకుండ చేయుట మన రజతోత్సవ సభకు రుచింపని సంగతియే గాని, వారి యుద్దేశము దానిని మూయుట కాదు, తెలియని చేయి తగులకుండ చూచుట. పైనున్న గో అను పట్టికను తెరచి, ఆప్షన్ మీటను అదిమి పట్టినచో ఆ పేరు మరల ప్రత్యక్షమగును.

మన విండోస్‌లో చూచు విధానము చెప్పెదను. విద్యార్థులు వ్రాసికొనవచ్చును. పసుపుపచ్చని ఫోల్డరు బొమ్మను నొక్కినచో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరచుకొనును. విండోస్ 11లో పైభాగమున వ్యూ అను మాటను నొక్కి, వచ్చిన పట్టికలో చివరనున్న షో అనుదానికి పోయి, హిడెన్ ఐటమ్స్ అనుదానిని నొక్కవలెను. విండోస్ 10లో వ్యూ నొక్కగనే హిడెన్ ఐటమ్స్ అను చిన్న గడి కనబడును. అందు టిక్కు పెట్టవలెను. వెంటనే, అంతవరకు లేని ఫోల్డర్లు కొన్ని వెలసిన రంగుతో కనబడును. ఆ వెలసిన రంగే వీరు అజ్ఞాతవాసులని మనకు తెలుపు గుర్తు. పని ముగిసిన పిమ్మట అదే చోట మరల నొక్కినచో అవి మరల కనుమరుగగును.

ఇది మొదటి తెర మాత్రమే. రిమార్కులలో ఆరు అంకె గలవి దీనికి లొంగవు. వానికొరకు ఆప్షన్స్ అనుదానిని తెరచి, అందు వ్యూ అను పుట లోనికి పోయి, హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్ అను వాక్యమునకు ఎదురనున్న టిక్కు తీసివేయవలెను. అప్పుడు యంత్రము, ఇవి చెరిపినచో కంప్యూటరు పనిచేయకపోవచ్చును, నిశ్చయమేనా అని మనలను అడుగును. ఇంటి పెద్ద గడపలో నిలిచి అడిగినట్లు అడుగు ఆ ప్రశ్నకు, కారణము లేనిదే అవునని చెప్పరాదు.

చూచినవారు ఏమి చూతురు? మొదటి తెర తీయగనే ప్రతి వాడుకరి ఫోల్డరులోను యాప్‌డేటా అనునది కనబడును. ఇది ప్రోగ్రాముల జ్ఞాపకశాల. బ్రౌజరులో మనము గుర్తు పెట్టుకొన్న చిరునామాలు, ప్రోగ్రాముల అమరికలు ఇందులో ఉండును. వర్డులో వ్రాయుచుండగా విద్యుత్తు పోయినపుడు, భద్రపరుపని ప్రతిని వర్డు తనకు తాను ఉంచుకొనునది కూడ సామాన్యముగా ఇందులోనే. రెండవ తెర తీసినచో పేజ్‌ఫైల్, హైబర్‌ఫిల్ అను పెద్ద ఫైళ్ళు కనబడును. మొదటిది జ్ఞాపకశక్తి చాలనపుడు యంత్రము వాడుకొను చిత్తుపలక. రెండవది యంత్రము గాఢనిద్రకు పోవునపుడు చేయుచున్న పనిని వ్రాసిపెట్టుకొను పుస్తకము. ఇవి చూచి, ఎవరో చోటు తినివేయుచున్నారని చెరుపబోవుట కూడదు. తెరమీద డెస్క్‌టాప్ డాట్ ఐఎన్ఐ అను ఫైలు రెండుమార్లు కనబడగా, క్రిములు చొరబడినవని బెదరినవారు కలరు. అవి క్రిములు కావు. ఫోల్డరు తెరమీద కనబడవలసిన తీరును వ్రాసి ఉంచుకొన్న చీటీలు. ఒకటి నీది, రెండవది అందరిది.

ఇచట మరల విరాటపర్వము జ్ఞాపకము వచ్చుచున్నది. ఉత్తరగోగ్రహణ సమయమున బృహన్నల చెప్పగా ఉత్తరుడు జమ్మిచెట్టెక్కి ఆ కట్ట విప్పెను. ఆయుధముల కాంతిని చూచి ఆతడు ఊరక చేయి చాపలేదు. ఈ విల్లు ఎవరిది, ఈ ఖడ్గము ఎవరిదని ఒక్కొక్కదానిని అడిగెను. బృహన్నల ఒక్కొక్కదానికి సమాధానము చెప్పెను. దాచిన ఫోల్డరును తెరచువాడు నేర్వవలసిన మర్యాద ఇదియే. ఇది ఎవరిదని అడుగుట ముందు, ముట్టుట తరువాత. సమాధానము దొరకనిదానిని ఉన్నచోటనే ఉండనిచ్చుట ఉత్తమము.

ఇక ఈ విషయము నన్ను ఇంతగా పట్టుకొనుటకు కారణము చెప్పెదను. ఈ రజతోత్సవ సంచికకొరకు మన గ్రంథపాలకుడు ఇంటింటికి తిరిగి పాత ఛాయాచిత్రములు సేకరించి, కంప్యూటరులో ఎక్కించినాడు. వానిలో కొన్నిటి మూలప్రతులు చెదలు తిన్నవి. బొమ్మలోని పెద్దలు కొందరు నేడు లేరు. ఇరువదియైదేండ్ల పుస్తకముల పట్టికయు వానితో చేర్చి, 16 జీబీల పెన్ డ్రైవులో పెట్టి, పట్టణమున ఒక ముద్రణ దుకాణమునకు పంపిరి. అది తిరిగి వచ్చిన దినమున తెరచి చూడగా ఫోల్డర్లు ఒక్కటియు లేవు. వాని స్థానమున అవే పేర్లతో, మూలన చిన్న బాణపు గుర్తుగల బొమ్మలు కొన్ని యుండెను. నొక్కిన ఏదియు తెరచుకొనలేదు. చూచినవారు ఒకరు అది పాడైపోయినది, ఫార్మాటు చేయుడని సలహా చెప్పిరి. ఫార్మాటు అనగా పలక తుడిచివేయుట.

ఆ పిల్లవాడు పరుగున నాయొద్దకు వచ్చి, "కరణంగారూ, ఫోటోలన్నీ పోయాయండీ! ఫార్మాటు కొట్టెయ్యమంటున్నారు" అనెను.

"ఉండు నాయనా, ముందు నిలవ ఎంతుందో చూడు" అంటిని.

నాకు కంప్యూటరు శాస్త్రము రాదు. నిలువ సరిచూచుట వచ్చును. పెట్టెలో రొక్కము పోయినదని కేక వేయుటకు ముందు పెట్టె బరువు చూడవలెను. పెన్ డ్రైవు బొమ్మమీద మౌసు కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్ అనుదానిని తెరచితిమి. కనబడు బొమ్మలన్నియు కలసి కొన్ని కేబీలు మాత్రమే. వాడబడిన స్థలము 11 జీబీలని యంత్రము చెప్పుచున్నది. చిట్టాలో సున్న, పెట్టెలో పదునొకండు! ఇక సందేహమేమి? సొమ్ము ఇంటిలోనే యున్నది. మూట మాత్రము కనబడుట లేదు.

పెన్ డ్రైవులమీద తిరుగు ఒకజాతి వైరస్సుల పని ఇది. అవి ఫోల్డర్లను చెరుపవు. వాని రిమార్కులలో రెండును నాలుగును చేర్చి దాచి, అవే పేర్లతో బాణపు గుర్తుగల షార్ట్‌కట్టులను ముందు నిలుపును. మనము మన ఫోల్డరే యనుకొని నొక్కినచో ఆ వైరస్సు మన యంత్రములోనికి ప్రవేశించును. కావున ముందుగా విండోస్ సెక్యూరిటీచే ఆ పెన్ డ్రైవును శోధింపజేసి, వైరస్సును తీసివేయించితిమి. తరువాత నల్లని కమాండ్ ప్రాంప్ట్ తెరచి ఆట్రిబ్ అను ఆజ్ఞ నిచ్చితిమి. ఆట్రిబ్, మైనస్ ఎస్, మైనస్ హెచ్, పిమ్మట పెన్ డ్రైవు అక్షరమును కోలనును, వెనుకకు వాలిన గీటును, నక్షత్రపు గుర్తును, చివరకు స్లాష్ ఎస్, స్లాష్ డి. ఇందు మైనస్ అనగా రిమార్కులనుండి తీసివేయుట. ఎస్ అనగా నాలుగు, హెచ్ అనగా రెండు. చివరి రెండును లోపలి ఫోల్డర్లన్నిటికిని ఈ యాజ్ఞ వర్తించునని చెప్పుట. కొంతసేపటికి ఫోల్డర్లన్నియు పేరు పేరున తిరిగి వచ్చినవి. మీ చేతులలోనున్న ఈ సంచికలోని ఛాయాచిత్రములు అవియే. అయితే ఒక్క మాట. ఈ యాజ్ఞను పెన్ డ్రైవుమీదనే గాని, కంప్యూటరు స్వంత సి డ్రైవుమీద ప్రయోగింపరాదు. అచట దాచబడినవి యంత్రమే కారణముండి దాచుకొన్నవి.

దాచుటకును చెరుపుటకును గల భేదము లోకమునకు 2000 మే నెలలో పెద్ద యెత్తున తెలిసినది. ప్రేమలేఖ అను పేరుతో ఒక వైరస్సు ఈమెయిలుద్వారా దేశదేశములు వ్యాపించినది. దాని ఫైలు పేరులో చివరనున్న విబిఎస్ అను మూడక్షరములు అది ప్రోగ్రాము అని తెలుపవలసినవి. ఎరిగిన ఫైళ్ళ తోక చూపనవసరము లేదని విండోస్ ఆ యక్షరములను దాచుటచేత, దానికి ముందున్న టిఎక్స్‌టి యను తోకనే చూచి, జనులు దానిని వట్టి ఉత్తరమని తెరచిరి. ఆ వైరస్సు జేపెగ్ బొమ్మలమీద తన పాఠమును వ్రాసి వానిని నాశనము చేసినది; ఎంపీ3 పాటలను మాత్రము చెరుపక దాచినది. పాటలు పోయినవని యేడ్చినవారికి వెదకగా పాటలు దొరకినవి, బొమ్మలు దొరకలేదు. కావున ఫైలు తోకను ఎల్లప్పుడును చూపుమని యంత్రమునకు చెప్పి యుంచుట మేలు. నేను చెప్పిన షో పట్టికలోనే ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అను మాట కలదు. దానికి టిక్కు పెట్టి ఉంచుకొనుడు.

ఇంతవరకు దాచినది పోయినది కాదని చెప్పితిని. రెండవ మాట, దాచినది తాళము వేసినదియు కాదు. కొందరు చందాదారులు మన కంప్యూటరులో తమ ఆధార్ ప్రతులు, బ్యాంకు కాగితములు ఒక ఫోల్డరులో పెట్టి, ప్రాపర్టీస్‌లో హిడెన్ అని టిక్కు పెట్టి, ఇక ఎవరును చూడజాలరని నిశ్చింతగా పోవుచున్నారు. అయ్యా, అమ్మా, నేనిప్పుడు ఈ సభలో వందమంది యెదుట దానిని చూచు మార్గము చెప్పితిని గదా! ఎనిమిదవ తరగతి పిల్లవాడును రెండు నొక్కులలో దానిని చూడగలడు. జమ్మిచెట్టు దారిన పోవువానినే తప్పించును. వెదకుచు వచ్చినవానిని తప్పింపదు. రహస్యమైనదానికి సంకేతపదముతో కూడిన తాళము కావలెను, లేదా అది అందరు వాడు యంత్రములో ఉండనే కూడదు. పని ముగియగనే మీ ప్రతులను చెరిపి, రీసైకిల్ బిన్ అను చెత్తబుట్టనుగూడ ఖాళీ చేయుడు. బ్రౌజరులో మీ ఖాతాలనుండి సైన్ అవుట్ చేసి లేవుడు. చెత్తబుట్టకూడ లోపల దాచబడిన ఒక ఫోల్డరేయని మరువకుడు. బుట్టలో పడినది ఇంకను ఇంటిలోనే యున్నది.

కార్యవర్గము వారికి నా విన్నపములు రెండు. మొదటిది, మన పట్టికకు, ఛాయాచిత్రములకు ఒక్క పెన్ డ్రైవును నమ్ముకొనక, వేరువేరు చోట్ల మూడు ప్రతులు ఉంచుడు. క్రొత్త కంప్యూటరునకు మారునపుడు డాక్యుమెంట్స్ మాత్రమే తీసికొని, మన ప్రోగ్రాము తన పద్దులను యాప్‌డేటాలో ఉంచినదేమో చూడక పాతదానిని అమ్మివేయకుడు. ఇల్లు మారువారు అటుకమీది భోషాణమును మరచిపోవుట లోకమున కలదు. రెండవది, ఏ ఫోల్డరు ఎచట ఉన్నదో ఒక కాగితముమీద వ్రాసి బీరువాలో ఉంచుడు. పాండవులు అయిదుగురకును ఆ చెట్టు తెలియును. ఒక్కనికే తెలిసియుండి, వాడు మరచినచో గాండీవము గతి యేమి? మన పాత కవిలెకట్టలు కొన్ని చెదలచేత పోయినవి. కొన్ని చెదలు తినకయే పోయినవి, ఎచట పెట్టినది తెలిసినవారు పోవుటచేత.

విద్యార్థులారా! కనబడలేదని ఏడువకుడు, కనబడినదని చెరుపకుడు, దాచితిమని నిశ్చింతగా నుండకుడు. ఏదేని పోయినదని తోచినచో ముందు నిలువ సరిచూడుడు. తరువాత తెర తీయుడు, చూడుడు, ఎవరిదో అడుగుడు, మరల తెర వేయుడు. గ్రంథపాలకునికి చెప్పి చేయుడు.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా ఈ యూరి బీరువాలలో దాగియున్న విద్యను చూడగోరిన ప్రతివానికిని చూపుచున్నది. ఇకముందును ఇట్లే వర్ధిల్లుగాక యని భగవంతుని ప్రార్థించుచున్నాను.